మేడం నది, నేను గీసిన బాణం

మేడం పోయారని అంకుల్ ఫోన్ చేసినప్పుడు నేను నోట్లో బ్రష్ పెట్టుకుని టీవీలో బంద్ వార్తలు చూస్తున్నాను. "మీ మేడం ఇగ లేదు రా. చాయ్ పెట్టుకొస్త అని లోపలికి పోయింది, గంతే," అన్నారు. ఆ తర్వాత కూడా ఆయన ఏదో చెప్పారు గానీ నా చెవికెక్కలేదు. నోట్లో నురగతోనే "వస్తున్నా అంకుల్" అన్నాను. రైళ్లు లేవు, బస్సులు లేవు, ఆటోవాళ్లు బయటికే రాలేదు. మదీనాగూడ నుంచి హఫీజ్‌పేట్‌కి నడిచి బయల్దేరాను. ముంబై హైవే అంత ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. దారి పొడుగునా ఒక్కటే మాట బుర్రలో తిరిగింది: ఇక ఎవరికి చెప్పుకోవాలి?

ఏడుపు కంటే ముందు ఆ మాట వచ్చిందంటే నేనెలాంటివాణ్నో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు చిన్న జ్ఞాపకాల పుస్తకం వేస్తున్నారు, నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను. మేడం గురించి మంచి మాటలకు కరువేం లేదు. కానీ నేను ఆవిడకు చేసిన పని వదిలేసి మిగతావన్నీ రాస్తే అది అబద్ధమవుతుంది, ఇప్పటికే ఒకటి ఆడి ఉన్నాను.

మేడం కరీంనగర్ వైపు ప్రభుత్వ కాలేజీల్లో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అంకుల్ రైల్వేలో చేశారు. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక ఇల్లు కట్టుకుని కింద వాళ్లుండేవారు, పైన ఐదేళ్లు మేం కిరాయికి ఉన్నాం. మాది కడప జిల్లా. హైటెక్ సిటీలో డిజిటల్ మ్యాపులు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. ఎవరో గీసిన మ్యాపులో తప్పులు పట్టడం నా పని. నవ్వండి, నవ్వాల్సిన సంగతే.

ఇంట్లో చేరిన వారానికి కుళాయి కారుతోందంటే చూడ్డానికి మేడం పైకి వచ్చారు. కుళాయి సంగతి వదిలేసి వంటింటి అలమర బండ కింద చెయ్యి పెట్టి తడమడం మొదలుపెట్టారు. అరవయ్యేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, అయినా అక్కడే నేల మీద చతికిలబడ్డారు.

"ఏ ఊరు మీది?"

"కడప జిల్లా మేడం."

"అయితే గిది మీ ఊరి రాయే. జర కింద చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. బండ అడుగున సన్నటి గీతలు, ముడతలు ముడతలుగా తగిలాయి.

"అలలు రా అవి. మీ జిల్లా అంత సముద్రం ఉన్నప్పుడు అడుగు మట్టి మీద పడ్డ ముద్ర. అలల కొసలు పైకి ఉండాలె. గివి కిందికి చూస్తున్నయి. మేస్త్రి బోర్లేసిండు. మీ వంటింట్ల సముద్రం తలకిందులైంది పిల్లగా!"

అని పగలబడి నవ్వారు. నేను కడప బండల మీద పుట్టి, వాటి మీదే పాకి, వాటి మీదే హోమ్‌వర్క్ రాసుకుని పెరిగినవాణ్ని. ఒక్కనాడూ వాటిని తిరగేసి చూడలేదు. ఆ రోజు నాకు సిగ్గేసింది, ఆ సిగ్గులోంచే ఆవిడ మీద ఇష్టం పుట్టింది.

మేడం చదువంతా జాడల మీద. ఎముకలు, దంతాలు, ఆకుల అచ్చులు ఆవిడకు పట్టవు. పురుగు పాకిన గీత, ఏదో ప్రాణి తవ్వుకున్న బొరియ, బురదలో పడి రాయిగా మారిన అడుగు, ఇవే కావాలి. "ఎముక సచ్చిన ముచ్చట చెప్తది. జాడ బతికిన ముచ్చట చెప్తది," అనేవారు. ఇంకో మాట కూడా చెప్పేవారు: "ఎముక వరదల కొట్టుకొని ఎక్కడికన్న పోతది. జాడకు కాళ్లు లేవు. పడ్డకాడనే ఉంటది. నది ఎట్లుండెనో అడగాలంటే జాడనే అడగాలె."

నాకు చిన్నప్పట్నుంచీ కుదురు తక్కువ. ఒకచోట పది నిమిషాలు కూర్చుంటే కాలు ఊపడం మొదలవుతుంది. అలాంటివాణ్ని పట్టుకుని మేడం ఒక ఎండాకాలం శనివారం పొద్దున్నే ప్రగతి నగర్ చెరువు దగ్గరికి తీసుకుపోయారు. ఆవిడ సరంజామా చూసి తీరాలి. దారానికి కట్టి మెడలో వేసుకున్న భూతద్దం, స్టీలు ఫ్లాస్కులో చాయ్, ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే ప్లాస్టిక్ బుడ్డి, కొప్పులో పువ్వు ఉండాల్సిన చోట నల్ల మార్కర్ పెన్ను. బురద ఒడ్డున పేపరు పరుచుకుని వంగి కూర్చుంటే, వాకింగ్‌కి వచ్చిన ఒకాయన ఆగి, "ఏమైనా పోగొట్టుకున్నారాండీ?" అనడిగాడు.

"పోలే సార్, దొరికింది," అన్నారు మేడం తలెత్తకుండా.

నీటి పక్కన తడి బురద మీద పురుగులు పాకిన గీతలు వంకరటింకరగా ఉన్నాయి. కాస్త ఇవతల, బురద ఎండి పగుళ్లిచ్చిన చోట, గీతలు లేవు, చిల్లులున్నాయి. మేడం కూరగాయల కత్తితో ఒక చిల్లును నిలువుగా కోసి చూపించారు. లోపల మట్టి సాసర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంది.

"పురుగు ముంగట మట్టి తవ్వి ఎనకకు నెడతది. నెట్టిన మట్టి గిట్ల సాసర్ల లెక్క పేరుకుంటది. సాసర్ల మూతి ఎటుంటే పురుగు అటు పోయినట్టు. ఈడ మూతులన్నీ కిందికున్నయి, చూసినవా? చెరువు ఎండుతుంటే తడి కిందికి పోతది, తడి ఎంబడి పురుగు పోతది. మన బోర్ల లెక్కనే."

"వరదొస్తే మేడం?"

"శభాష్. వరద తెచ్చిన ఇసుక నెత్తి మీద పడితే పురుగు ఊపిరాడక పైకి ఎగబాకుతది. అప్పుడు మూతులు పైకుంటయి."

ఇంతే శాస్త్రం. సాసర్ల మూతి పైకుంటే వరద, కిందికుంటే కరువు. కాబట్టి రాయిలో పైకి ఏది, కిందికి ఏది అన్నదే ప్రాణం. మేడంకి ఒకే ఒక్క నియమం ఉండేది, దాని దగ్గర మాత్రం మొహమాటం లేదు. రాయిని కదిలించకముందే మార్కర్‌తో బాణం గీయాలి, బాణం ఆకాశం వైపు చూడాలి. "లేపకముందే రాయికి ఆకాశం ఎటో రాసిపెట్టాలె. లేపినంక అది ఒట్టి రాయి," అని వందసార్లు చెప్పి ఉంటారు.

ఆవిడ జీవితమంతా ఒక నది చుట్టూ తిరిగింది. మంథని దాటి లోపలికి పోతే గోదావరిలో కలిసే చిన్న వాగొకటి ఉంది. దాని ఒడ్డు గోడ ఎర్ర ఇసుకరాయి. డైనోసార్ల కాలం నాటి నది ఒకటి అక్కడ ఇసుక పరిచి పోయింది. ఆ రాతి పైముఖం నిండా బొటనవేలంత గుండ్రటి మచ్చలు, అంటే బొరియల మూతులు. ఆ నది ప్రతి ఎండాకాలం ఎండిపోయేదని, ప్రాణులు తడి కోసం కిందికి తవ్వుకున్నాయని మేడం ఇరవయ్యేళ్లు చెప్పారు. కాదు, అది ఏడాది పొడుగునా పారిన పెద్ద నది, వరదకు పురుగులు పైకి పాకాయని వాదించేవాళ్లూ ఉన్నారు. నిలువునా చీలిన బొరియ ఒకటి దొరికితే తేలిపోయేది. దొరకలేదు. మోకాళ్లు పాడయ్యాక మేడం ఆ గోడ ఎక్కలేకపోయారు.

ఆ రోజుల్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో ఊరంతా ఉడుకుతోంది. మా ఆఫీసు క్యాంటీన్లో కూడా ఎవరు ఏ టేబుల్ దగ్గర కూర్చుంటున్నారో అందరూ గమనించేవారు. మేడం మదీనాగూడ దీక్షా శిబిరంలో వారానికి రెండు మధ్యాహ్నాలు కూర్చునేవారు, మోకాళ్ల కోసం దిండు కూడా పట్టుకెళ్లేవారు. సాయంత్రం వచ్చి మా ఆవిడ బొరుగులతో చేసిన ఉగ్గాణి తినేవారు. "రాష్ట్రం రావాలె, అది ఒక ముచ్చట. ఉగ్గాణిల నిమ్మకాయ తక్కువైంది, అది ఇంకో ముచ్చట," అనేవారు. ఆవిడతో కలిసి పనిచేసిన ఒక లెక్చరర్ గారు మాతో వాగుల వెంట తిరిగేవారు. ఉద్యమంలో ముందుండే మనిషి. ఒకసారి నన్ను చూసి, "మా నీళ్లు మీకు పాయె, ఇగ నీళ్ల చరిత్ర గూడ మీరే రాస్తరా?" అన్నారు. సగం నవ్వులాటే, సగం కాదు. నేను మొహం మాడ్చుకున్నాను.

మేడం ఊరుకోలేదు. "ఆ నది పారిన్నాడు నువ్వు లేవు, వాడు లేడు. పురుగు ఉండె. దాని మాట విందాం, నడువుండ్రి," అన్నారు.

ఇక నా పని దగ్గరికి వస్తాను. రెండు వానాకాలాల కింద ఒక రెండో శనివారం, లెక్చరర్ గారికి ధర్నా ఉందని రాలేదు, నేనూ మేడం నా కారులో తెల్లవారకముందే బయల్దేరాం. వాగు దగ్గరి ఊళ్లో టీ కొట్టతను, "పన్నెండింటికి రోడ్డు మీద వంటా వార్పు ఉంది మేడం. ఇగ పొద్దుగూకేదాక బండ్లు కదలయి," అన్నాడు. అప్పటికి పదకొండు దాటింది. పైగా మా మేనేజర్ ఫోన్ మీద ఫోను, సాయంత్రం రిలీజ్ ఉంది, ఐదింటికల్లా లాగిన్ అవ్వాలని. నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మేడం ఒడ్డున రాయి మీద కూర్చుని, "నిమ్మళంగ చెయ్యి రా, పురుగు ఏడికి పోదు," అన్నారు.

గోడ ఎక్కాను. తల ఎత్తున, రెండు పగుళ్ల మధ్య కనిపించింది. నిలువునా చీలిన బొరియ. లోపల సాసర్లు. మేడం ఇరవయ్యేళ్లు వెతికింది నా కళ్ల ముందుంది. జేబులో మార్కర్ ఉంది. మళ్లీ ఫోన్ మోగింది. ఒక చేత్తో ఫోన్ కట్ చేస్తూ రెండో చేత్తో ఉలి దూర్చి ఒక్క దెబ్బ వేశాను. రెండిటుకలంత ముక్క ఊడి, నా చేతిలోంచి జారి, దొర్లి దొర్లి వాగు నీళ్లలో పడింది.

దిగి తీశాను. పగల్లేదు. కానీ ఊడదీసే ముందు సాసర్ల మూతులు ఎటున్నాయో చూసుకోలేదు, ఇప్పుడు పైకి ఏదో కిందికి ఏదో తెలియలేదు. పగుళ్లు లేవు, అలల ముడతలు లేవు, రెండు కొసలూ ఒకేలా నున్నగా ఉన్నాయి. మళ్లీ ఎక్కి ఆ గూట్లో పెట్టి చూస్తే పది నిమిషాల పని. పది నిమిషాలు! రోడ్డు మూసేస్తారని, మేనేజర్ తిడతాడని, నాకు ఆ పది నిమిషాలు లేకపోయాయి. ఇలాగే ఉండి ఉంటుందిలే అనుకుని మార్కర్ తీసి బాణం గీశాను. సాసర్ల మూతులు బాణం వైపే ఉన్నాయి.

రోడ్డు ఎలాగూ మూసేశారు. ఊరి జనం నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టి అన్నం, పప్పు, వంకాయ కూర వండుతున్నారు. మమ్మల్ని దింపి, "తిని పోండి" అని విస్తళ్లు వేశారు. మేడం విస్తరి పక్కన పెట్టి రాయిని ఒళ్లో పెట్టుకున్నారు. బుడ్డితో నీళ్లు చల్లి, భూతద్దం పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. పప్పు మీద ఈగలు వాలాయి.

"బాణం నువ్వే గీసినవా?"

"అవును మేడం."

"లేపకముందే గీసినవా?"

పక్కన డప్పులు మోగుతున్నాయి, ఎవరో నా విస్తట్లో కూర వడ్డిస్తున్నారు. "అవును మేడం," అన్నాను.

"నిజంగ గిట్లనే ఉండెనా రా?"

మూడోసారి కూడా అవునన్నాను.

మేడం తలూపారు. "అయితే నేనే తప్పు," అన్నారు. అంత తేలిగ్గా ఒప్పేసుకున్నారు. నా మాట మీద అంత నమ్మకం ఉంటుందని నేననుకోలేదు. కనీసం అనుమానిస్తారనుకున్నాను. అనుమానించి ఉంటే బాగుండేది!

ఆ తర్వాత ఆవిడ చేసిన పనులు చెబుతాను వినండి. రాయి మీద తెల్ల కాగితం అంటించి తన గుండ్రటి అక్షరాలతో రాశారు: "వరద వచ్చింది. పురుగు పైకి పాకింది. ఇన్నాళ్లు నేను చెప్పింది తప్పు. రాయి తెచ్చినది: మా పై అంతస్తు అబ్బాయి." పాత విద్యార్థులకు ఉత్తరాలు రాశారు. తనతో వాదించినవాళ్లకు ఫోన్లు చేసి మీదే కరెక్టని చెప్పారు. లెక్చరర్ గారినీ మరో పదిమందినీ ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి, "ఇరవై ఏండ్లు పిల్లలకు తప్పు చెప్పిన. ఇగ సరిదిద్దుకుంట," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, నా వైపు తిరిగి కూడా కొట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అప్పుడే చెప్పేయాల్సింది. లెక్చరర్ గారి ముందు ఎలా చెప్పను, "ఆంధ్రోడు మా నదిని మార్చిండు" అంటారు కదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. తర్వాత మేడం క్రిస్మస్‌కి కేకు ఇవ్వడానికి పైకి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. మా అమ్మాయి మధ్యలో వచ్చింది, అదో సాకు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మేడం వరండాలో పాత నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఇరవయ్యేళ్ల ఫీల్డు పుస్తకాలు. ఎర్ర పెన్నుతో ఒక్కొక్క పేజీలో "ఎండింది" అన్న మాట కొట్టేసి పక్కన "వరద" అని రాస్తున్నారు.

"ఇదంతా ఎందుకు మేడం?" అన్నాను.

"నేను పోయినంక ఎవరన్న చదివితే? తప్పు ముచ్చట పోగొట్టాలె కద."

మెట్లెక్కి మా ఇంట్లోకి వెళ్లి, వంటింట్లోకి, బాల్కనీలోకి, మళ్లీ వంటింట్లోకి తిరిగాను. మా ఆవిడ "ఏమైంది?" అంటే ఆఫీసు టెన్షన్ అన్నాను. మరుసటేడు మదీనాగూడలో ఫ్లాట్ కొనుక్కుని ఇల్లు మారాం. దూరమైతే మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. నెలకోసారి వెళ్లి మేడంని చూసేవాణ్ని, ప్రతిసారీ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగేది.

బంద్ రోజు నేను వెళ్లేసరికి మేడంని పెట్టెలో పడుకోబెట్టారు. తెల్ల చీర, చేతుల్లో బైబిల్, కొప్పులో పెన్ను లేదు. అంకుల్ నా చెయ్యి పట్టుకుని, "పొద్దుగాల గూడ నీ ముచ్చట తీసింది," అన్నారు. ఆ మాటకు నేను ఎంత ఏడ్చానో నాకే తెలియదు. శ్మశానానికి పోయే దారిలో కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా టైర్లు పేర్చారు. పెట్టె చూసి, "ఎవరన్నా?" అనడిగారు. "టీచరమ్మ," అన్నాం. నిమిషంలో టైర్లు పక్కకు లాగేశారు. ఇద్దరు వచ్చి పెట్టెకు భుజం కూడా పట్టారు.

సమాధి అయ్యాక అంకుల్ అన్నారు, "వచ్చే ఆదివారం ఆదరణ కూడిక పెట్టుకున్నం. ఆమె ఫోటో పక్కకు ఆ రాయి పెడుదాం. దాని గురించి నువ్వే చెప్పాలె. నువ్వు తెచ్చిందే కద."

సరేనన్నాను. ఇంకేమంటాను? ఆ వారమంతా నిద్ర లేదు. చెబితే చచ్చిపోయిన మనిషి చివరి మాటను అబద్ధం చేసినవాణ్నవుతాను. చెప్పకపోతే ఆవిడ ఇరవయ్యేళ్ల మాట నా బాణం కింద పడి ఉంటుంది. అసలు నా బాణం తప్పో ఒప్పో కూడా నాకు తెలియదు కదా! ఒకవేళ ఒప్పే అయితే? ఆ ఆశ ఒకటి పీకుతూనే ఉంది. శుక్రవారం అంకుల్ దగ్గరికి వెళ్లి, రాయిని తుడిచి తెస్తానని చెప్పి తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నాను. శనివారం ఒక్కణ్నే వాగుకు పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, తెలుసు. అయినా పోయాను.

ఈసారి ఫోన్ కార్లో వదిలేశాను. గోడ ఎక్కితే నా ఉలి గాటు అలాగే ఉంది, గూట్లో సాలెపురుగు కాపురం పెట్టింది. దాన్ని పక్కకు తోలి, రాయిని బాణం పైకి ఉండేలా పెట్టి నెట్టాను. దూరలేదు. ఇంకాస్త నెట్టాను. రాయి వెనక పొడుచుకొచ్చిన ముక్కు గోడకు తగులుతోంది. రాయిని తలకిందులు చేసి పెట్టాను. టక్కుమని కూర్చుంది. వెంట్రుక దూరే సందు కూడా లేదు. నా బాణం నేల వైపు చూస్తోంది.

గూటి కింద గోడలో ఆ బొరియ ఇంకో జానెడు కొనసాగింది. సాసర్ల మూతులన్నీ కిందికే ఉన్నాయి. ఆ పురుగు తడి కోసం కిందికే పోయింది. మేడం చెప్పినట్టే పోయింది. ఒక్క బొరియతో నది చరిత్ర తేలిపోదు, ఆ మాట మేడమే అంటారు. కానీ ఆవిడ మాట మార్చుకున్నది ఈ ఒక్క బొరియను చూసే. ఆ గోడకు ఆనుకుని, ఒక చేత్తో రాయిని పట్టుకుని, "మేడం, మీరే కరెక్టు మేడం," అని గట్టిగా అన్నాను. అవతల మేకలు కాసుకునే ఆవిడ నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసింది.

తిన్నగా హఫీజ్‌పేట్ వెళ్లి అంకుల్‌కి చెప్పాను. మొదట్నుంచీ, ఫోన్ కట్ చేసిన దగ్గర్నుంచి చెప్పాను. ఆయన కుర్చీలో కదలకుండా విన్నారు.

"ఆమె నిన్ను మూడుసార్లు అడిగిందా?"

"అడిగారు అంకుల్."

"ఆ దినం ఇంటికొచ్చి అన్నం ముట్టలే. 'ఇరవై ఏండ్లు పోయినయి' అని ఒక్క మాట అన్నది. తెల్లారి లేచి నవ్వుకుంట ఉత్తరాలు రాసుడు మొదలువెట్టింది. నువ్వు నవ్వు చూసినవ్. ఆ అన్నం నేను చూసిన." ఆయన గొంతు లేచింది. ఇన్నేళ్లలో ఆయన గొంతు లేవడం నేను విన్నది అదే మొదలు. "నాకెందుకు చెప్తున్నవ్ రా? నన్నడిగిందా ఆమె? రేపు అందరి ముంగట చెప్పు."

"చెప్తా అంకుల్," అన్నాను. పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు. చాయ్ కూడా తాగమనలేదు. ఆ ఇంట్లో చాయ్ తాగకుండా బయటికి రావడం నాకు అదే మొదటిసారి.

ఆదివారం ఇంటి ముందు షామియానా వేశారు. పాస్టర్ గారు ప్రార్థన చేశారు, పాట పాడారు. బల్ల మీద మేడం ఫోటో, పక్కన పూలబుట్ట, ఇటు పక్క రాయి, దాని మీద ఆవిడ కాగితం. నేను లేచి చెప్పాను. ఎక్కువ చెప్పలేదు. బాణం లేపకముందు గీయలేదని, అబద్ధమాడానని, నిన్న గూట్లో పెట్టి చూస్తే తలకిందులుగా కూర్చుందని, మేడం ఇరవయ్యేళ్లు చెప్పిందే ఆ రాయి కూడా చెబుతోందని. స్టేషన్లో రైలు వచ్చి ఆగి పోయింది.

లెక్చరర్ గారు లేచారు. "అప్పుడే చెప్తే ఏమైతుండె? మా లొల్లికి భయపడ్డవా?"

"అదే అనుకుంటూ వచ్చా సార్ ఇన్నాళ్లూ. అది కాదు. మేడం ముందు చిన్నబోతానని భయం."

ఆయన బల్ల దగ్గరికి వచ్చి జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద ఆ తప్పు మాటలు కొట్టేయడానికి వంగారు.

"ఆమె రాత కొట్టెయ్యకుండ్రి," అన్నారు అంకుల్. కర్ర పక్కన పెట్టి లేచి, రెండు చేతులతో రాయిని ఎత్తి, మెల్లగా తిరగేసి నిలబెట్టారు. "రాయి తిప్పితే చాలు."

నా బాణం బల్ల వైపు తిరిగింది. సాసర్ల మూతులు కిందికి తిరిగాయి. కాగితం కూడా రాయితోపాటే తిరిగి, "ఇన్నాళ్లు నేను చెప్పింది తప్పు" అన్న గుండ్రటి అక్షరాలు తలకిందులయ్యాయి. తర్వాత పూలు పెట్టడానికి జనం వరసగా వచ్చారు. ఒక్కొక్కరే బల్ల దగ్గర ఆగి, నడుం వంచి, మెడ పక్కకు తిప్పి, మేడం రాసింది చదవబోయారు.